ఏడాది కూడికకి రాయి మీద ఏం రాయించాలి? పసివాళ్లు ఎందుకు పోతారండి?

రేవుగట్టు:

అందరికీ వందనాలండి. ముందే చెప్తున్నా, ప్రసంగాలు వద్దు, ఈ ఏడాదిలో చాలా విన్నాం.

మాది నరసాపురం పక్క పల్లె. మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు, పోయిన జూన్‌లో కాలువకి నీళ్లు వదిలిన నాలుగో రోజు రేవులో పోయాడు. వేసవిలో కాలువ కట్టేస్తారు కదా, ఆ ఎండిన అడుగులోనే పిల్లలంతా క్రికెట్ ఆడారు, వాడి లెక్కలో అది కాలువ కాదు, గ్రౌండు. చెప్పు నీళ్లలోకి జారితే అందుకుందామని మెట్టు దిగాడట, పక్కనున్న పిల్లాడు చెప్పాడు. మెట్లకి పాచి. సాయంత్రానికి లాకుల దగ్గర గుర్రపుడెక్కలో దొరికాడు. ఇంతకన్నా రాయలేను.

ఇప్పుడు సంగతేంటంటే వచ్చే నెల ఏడాది కూడిక, అంటే వాడు పోయి ఏడాదైనందుకు పెట్టుకునే ప్రార్థన. ఆ లోపు సమాధికి రాయి వేయించాలి. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని చెక్కించమని మా పాస్టర్ గారు అన్నారు, నాన్న సరేనన్నాడు, రాయి చెక్కే ఆయనకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాం. ఆ మాట చెక్కిస్తే నేను ఆ రాయి దగ్గరకి రాను అని అక్క తెగేసి చెప్పింది. "తీసుకెళ్లింది ఆయనే అయితే నాకూ ఆయనకీ మాటల్లేవు" అంది. అమ్మ చెవులు మూసుకుంది.

అక్క కోపం ఊరికే రాలేదు. ఆదరణ కూటంలో ఒకావిడ, దేవుడికి తన తోటలోకి పువ్వు కావాల్సొచ్చి కోసుకున్నాడమ్మా అంది. ఇంకొకాయన, దావీదు రాజు చేసిన పాపానికి అతని బిడ్డ పోయిన సంగతి ఎత్తి, మనసులో ఏదన్నా ఉంటే ప్రభువు ముందు ఒప్పేసుకోమ్మా అన్నాడు. భోజనాల దగ్గర ఎవరో, చిన్నదానివేగా, ఇంకో బిడ్డనిస్తాడులే అన్నారు. ఆ రోజు నుంచి అక్క మందిరానికి రావట్లేదు. బావ వస్తాడు, వెనకాల కూర్చుని ఆఖరి ప్రార్థనకి ముందే లేచి వెళ్లిపోతాడు.

నేనడిగేది రెండు విషయాలు. ఏ పాపం తెలియని పిల్లాడు ఎందుకు పోయాడో బైబిల్ నిజంగా ఎక్కడైనా చెప్తుందా, లేక ఇదంతా మనవాళ్లు అల్లిందా? రెండోది, మా సంఘంలో బాప్తిస్మం పెద్దయ్యాకే. వాడికి కాలేదు. మొన్న రాత్రి రెండింటికి అక్క నన్ను లేపి, వాడెక్కడున్నాడ్రా అని అడిగింది. నిద్రపోవే అన్నాను, అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు.

పాత సండేస్కూల్ టీచర్:

బాబూ, ముప్పై ఏళ్లు పిల్లలకి కంఠత వాక్యాలు నేర్పినదాన్ని, అందులో ఇద్దరిని సమాధుల తోట దాకా సాగనంపినదాన్ని కూడా. ప్రసంగం చెయ్యను, కానీ కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టు.

ముందు ఆ దావీదు సంగతి ఎత్తినాయన గురించి. 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త దావీదు ఎదుటికొచ్చి, నువ్వు చేసిన పని ఇదీ అని ముఖం మీద చెప్తాడు. అది ఒక రాజుకి, ఒక నేరానికి, ఒక ప్రవక్త ద్వారా వచ్చిన మాట. దాన్ని పట్టుకొచ్చి బిడ్డ పోయిన ప్రతి తల్లి మెడలో వేసే హక్కు ఎవరిచ్చారు? మరి అదే బైబిల్‌లో యోహాను 9 ఆయన చదవలేదా? పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు చేసిన పాపమా, కన్నవాళ్లు చేసిన పాపమా అని శిష్యులే అడిగితే యేసు రెండూ కాదన్నాడు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ పాపులనుకుంటున్నారా, కాదు అని చెప్పింది కూడా ఆయనే. తండ్రి దోషం కొడుకు మొయ్యడని యెహెజ్కేలు 18 నిండా ఉంది. ఈసారి మీ ఇంటికొస్తే ఈ మూడూ చదివించండి ఆయన చేత.

పువ్వు కోసుకోవడం అన్న మాట బైబిల్‌లో ఎక్కడా లేదు. అలా పసిమొగ్గలు తెంపుకునే తోటమాలిని నేనైతే నమ్మలేను.

ఇక రాయి మీద మాట. అది యోబు మాటే, నిజమే. ఒకే గాలికి ఇల్లు కూలి ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పోయిన రోజున, బట్టలు చింపుకుని నేల మీద పడి, తన నోటితో తను అన్న మాట. ఆయన అనచ్చు. పక్కింటివాళ్లు ఆయనతో అంటే అది వేరే మాట అయిపోతుంది. పైగా రెండు అధ్యాయాలు తిప్పితే అదే నోరు, నేను పుట్టిన రోజు మాసిపోవాలని శపిస్తుంది. మొదటి అధ్యాయం ఎన్ని సమాధుల మీద చూశానో, మూడో అధ్యాయం ఒక్కచోటా చూళ్లేదు. ఆఖర్న 42లో దేవుడికి కోపమొచ్చింది ఎవరి మీదనుకున్నావు? గొంతెత్తి అడిగిన యోబు మీద కాదు, కారణాలు చెప్పిన స్నేహితుల మీద. వాళ్లు కూడా మొదట ఏడు పగళ్లు ఏడు రాత్రుళ్లు నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు, అంతవరకూ బాగానే ఉన్నారు.

మీ అక్కకి చదివి వినిపించాలనుకుంటే 2 రాజులు 4 వినిపించు. షూనేము అనే ఊళ్లో ఒకావిడ, తను అడక్కుండానే కొడుకు పుడతాడని ఎలీషా ప్రవక్త చెప్తే పుట్టాడు ఆవిడకి. కొడుకు కోతల దగ్గరున్న తండ్రి దగ్గరకెళ్లి తల, తల అన్నాడు, ఇంటికి మోసుకొస్తే మధ్యాహ్నం దాకా తల్లి ఒళ్లో ఉండి చచ్చిపోయాడు. ఆవిడ గాడిదెక్కి ఎలీషా దగ్గరకి పోయి కాళ్లు పట్టుకుంది. పనివాడు గెంటబోయాడు. ఎలీషా, ఆవిణ్ణి వదిలెయ్, ఆవిడ బాధలో ఉంది, దేవుడు ఈ సంగతి నాకు చెప్పకుండా మరుగుచేశాడు అన్నాడు. అంత ప్రవక్తకే తెలియలేదట! మన ఆదరణ కూటాల్లో మాత్రం అందరికీ తెలుసు. ఆవిడ అడిగిన మాట కూడా చూడు, నేను నిన్ను కొడుకుని అడిగానా, నన్ను మోసం చెయ్యద్దని చెప్పలేదా అని. ఆ మాటకి ఆవిణ్ణి ఎవరూ తిట్టలేదు.

నైట్‌డ్యూటీ నర్సు:

టీచరమ్మ గారికి వందనాలు. నేను అమలాపురం వైపు పిల్లల వార్డులో చేస్తాను. నాకు ఈ "దేవుని చిత్తం" అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది, విశ్వాసినే, అయినా మండుతుంది.

ఎందుకు పోయాడు అంటే చాలాసార్లు జవాబుంటుంది, మనకి నచ్చదు అంతే. మెట్లకి పాచి పట్టింది, గీకించలేదు. రేవుకి అడ్డంగా ఓ గొలుసు లేదు. నీళ్లు వదులుతున్నారని దండోరా వేయించలేదు. ఇవన్నీ దేవుడి మీదకి నెట్టేస్తే పంచాయతీకి హాయి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు, 2020కి అది 28కి దిగింది. టీకాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు, ఆసుపత్రిలో కాన్పులు, మంచినీళ్లు. మరి అప్పట్లో పోయిన ఆ వంద మందీ దేవుడి చిత్తమైతే, ఓఆర్ఎస్ కలిపిన ప్రతి తల్లీ దేవుడికి ఎదురు తిరిగినట్టేనా?

సువార్తల్లో చూడండి, యాయీరు పన్నెండేళ్ల కూతురు, నాయీను విధవరాలి కొడుకు. బిడ్డ పోయిన ఇంటికి యేసు వెళ్లిన ఏ చోటా, ఇది తండ్రి చిత్తం, ఊరుకోండి అనలేదు. లేపాడు. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గరైతే ఏడ్చాడు, ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా. చావుని ఆయన శత్రువుని చూసినట్టే చూశాడు. అందుకే నేను డ్యూటీకి పోతున్నా.

కొబ్బరితోట:

నేను చర్చికి వెళ్లడం మానేసి పదేళ్లయింది, గొడవ పెట్టుకోవడానికి రాయట్లేదు, తమ్ముడి అక్క గురించి చదివి ఆగలేకపోయా.

నర్సు గారూ, పాచి, గొలుసు సరే. 1996 నవంబర్ 6 రాత్రి మా కోనసీమ మీద పడ్డ తుఫానుకి ఎవరు గొలుసు కట్టాలి? వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి తోటల్లో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడున్నాయి, నాకప్పుడు తొమ్మిదేళ్లు, మా బెంచీలో కూర్చునే ఇద్దరు మళ్లీ బడికి రాలేదు. మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, దాన్ని పాడుచేసుకున్నాడు అంటారు మీవాళ్లు. తుఫాను ఎవరి స్వేచ్ఛండి? 1755లో లిస్బన్‌లో భూకంపం వచ్చింది సకల పరిశుద్ధుల పండుగ పొద్దున, జనం చర్చిల్లో ఉండగా. యూరప్‌లో దీని గురించి ఎంత కొట్టుకున్నారో, ఇప్పటికీ తేలలేదు.

షూనేము ఆవిడ కథ బాగుంది టీచరమ్మా, కాకపోతే ఆవిడ కొడుకు లేచి ఏడుసార్లు తుమ్మాడు. ఈ తమ్ముడి మేనల్లుడు లేవలేదు. ఆ సంగతి దాటేసి ఆ అధ్యాయం చదివి వినిపిస్తే అక్కకి ఇంకా కష్టం కాదా?

ఇంకోటి. యేసు పుట్టినప్పుడు బేత్లెహేములో హేరోదు రాజు రెండేళ్లలోపు మగపిల్లలందర్నీ చంపించాడు. బిడ్డని తీసుకుని పారిపోమని యోసేపుకి కల వచ్చింది, లేచి ఐగుప్తు పారిపోయాడు. పక్కింటి నాన్నకి ఎందుకు రాలేదు కల? మా ఊళ్లో క్రిస్మస్ నాటికలో హేరోదు వేషానికి కుర్రాళ్లు కొట్టుకునేవారు, మీసం, అట్టకత్తి, చప్పట్లు. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎప్పుడూ వేసేవాళ్లు కాదు, తెర దించేసి కేకు పంచేవాళ్లు. ఈ ప్రశ్న చిన్నప్పుడు అడిగితే నాకు మొట్టికాయ పడింది.

వాడపల్లి వాసు:

మేం హిందువులం, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా పెదనాన్న మనవరాలు డెంగీతో పోతే మా ఇంట్లో ఋణం తీరిపోయింది అన్నారు, ఇంకొకరు పోయిన జన్మలో ఏం చేసిందో అన్నారు. మా వదిన మొహం ఇంకా గుర్తుంది నాకు. ఏ మతమైనా ఆ గదిలో కూర్చున్నవాళ్లకి ఏదో ఒకటి అనకపోతే ఊపిరాడదనుకుంటా.

పాలకొల్లు బ్రదర్:

సహోదరులారా, కొంచెం నెమ్మది. మేం బ్రదరన్ వాళ్లం, 1836లో ఇండియా వచ్చి నరసాపురం వైపు పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరల కాలం నాటి సంఘం మాది. మాకు వాక్యమే కొలత. పువ్వు మాట నేనూ ఒప్పుకోను. కానీ నర్సు సిస్టర్ రాసింది చదివితే, దేవుడికి దీంతో సంబంధం లేదు, పాచిదే తప్పు అన్నట్టుంది. అలాగైతే ఇంకా భయం కదా? మత్తయి 10:29లో "మీ తండ్రి సెలవులేక వాటిలో ఒకటైనను నేలను పడదు" అని పిచ్చుకల గురించే ఉంది. పిచ్చుకకే సెలవు కావాలంటే బిడ్డ సంగతి?

నాకు చెప్పే హక్కుందో లేదో మీరే చూసుకోండి, 2009లో మా పాప తొమ్మిదో రోజున పోయింది. గుండెలో లోపం. ఆయన చేతిలోంచి అది జారిపడిపోలేదు అన్న ఒక్క మాట మీదే నేనూ మా ఆవిడా బతికాం. ఎందుకో తెలియదు. చేతిలోనే ఉంది అన్నది మాత్రం తెలుసు. అది కూడా లాగేస్తే నాకేం మిగలదు.

నైట్‌డ్యూటీ నర్సు:

బ్రదర్ గారూ, పాప సంగతి తెలియక గట్టిగా రాశాను, క్షమించండి. నా మాట ఇంతే, సెలవివ్వడం వేరు, చెయ్యడం వేరు. మీది మీ నోటితో మీరు చెప్పుకున్న మాట, టీచరమ్మ యోబు గురించి అన్నట్టు. ఆ అక్కకి వేరేవాళ్లు చెప్పారు, అదీ భోజనాల దగ్గర.

పాత సండేస్కూల్ టీచర్:

బ్రదర్ గారు ఎత్తిన వాక్యం మీద ఒక్క మాట. మా ఆయన సెమినరీలో గ్రీకు చదువుకున్నారు, ఆయన నోట్సులో ఉంది. మూలంలో "సెలవు" అన్న మాటే లేదు. "మీ తండ్రి లేకుండా" నేలను పడదు, అంతే. మన అనువాదకులు అర్థం చేసుకుని సెలవు అని పెట్టారు, అది తప్పని నేననను, చాలామంది పెద్దలు అలాగే చదివారు. నేను మాత్రం ముసలితనంలో ఆ ఉన్నమాటే పట్టుకున్నాను. పిచ్చుక పడుతోంది, అప్పుడు తండ్రి అక్కడ ఉన్నాడు. బ్రదర్ గారి పాప మంచం పక్కనా, ఆ రేవులోనూ. ఉంటే ఎందుకు పట్టుకోలేదు అంటావు, నాకు తెలుసు అంటావని. సిలువ మీద ఆయన కొడుకే "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అడిగాడు, పైనుంచి అప్పుడు జవాబు రాలేదు. నాకు ఇక్కడితో మాటలైపోతాయి.

కొబ్బరితోట అబ్బాయీ, నిన్ను మొట్టినవాళ్ల తరఫున నేను సిగ్గుపడుతున్నా. పక్కింటి నాన్నకి కల ఎందుకు రాలేదో మత్తయి చెప్పలేదు. చెప్పే ప్రయత్నం కూడా చెయ్యలేదు. యిర్మీయా ప్రవక్త గ్రంథం నుంచి రాహేలు అనే తల్లి ఏడుపు తెచ్చి అక్కడ పెట్టాడు, పిల్లలు లేనందున ఆమె ఓదార్పు పొందనొల్లకపోయింది అని. ఓదార్చబడను పొమ్మంది ఆ తల్లి, మత్తయి అది అలాగే రాసుకున్నాడు. తుఫాను సంగతికి రోమా 8:22 చూపిస్తారు, సృష్టంతా ప్రసవవేదనతో మూలుగుతోందని, ఇది చెడిపోయిన లోకమని, ఒకనాడు బాగుపడుతుందని. అది నేను నమ్ముతాను. నమ్మినా, నీ బెంచీలో ఆ ఇద్దరే ఎందుకో అది చెప్పదు. షూనేము సంగతిలో కూడా నువ్వన్నది నిజం, దాచకుండా చెప్పే చదవాలి.

దేవాలయం వీధి:

బాప్తిస్మం ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను రాస్తున్నా. మేం కథోలికులం. పాతరోజుల్లో మా దగ్గర జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మమే, లేకుండా పోయిన పసివాళ్లకి పరలోకమూ కాని, బాధా లేని ఒక అంచు చోటు ఉంటుందని చెప్పేవారు, లింబో అంటారు. అది ఎప్పుడూ తప్పక నమ్మాల్సిన సిద్ధాంతం కాదు. 2007లో పోపు గారి అనుమతితోనే వేదాంతుల కమిషన్ ఒక పత్రం తెచ్చింది, అలాంటి పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయి అని. తెలుసు అనలేదు, ఆశ అన్నారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

పాలకొల్లు బ్రదర్:

మాలో అయితే సందేహం లేదండి. ద్వితీయోపదేశకాండం 1:39లో మంచిచెడ్డలు ఎరగని మీ పిల్లలే దేవుడు మాటిచ్చిన ఆ దేశంలోకి పోతారు అన్నాడు. "పరలోకరాజ్యము ఈలాటివారిది" అని ప్రభువు అన్నప్పుడు ఆ పిల్లలు బాప్తిస్మం పొందినవాళ్లని ఎవరూ రాయలేదు. దావీదు కూడా, ఆ కథ ఎత్తినాయన ఆఖరు దాకా చదివుంటే, బిడ్డ పోయాక లేచి స్నానం చేసి, నేను వాడి దగ్గరకి పోతాను గాని వాడు నా దగ్గరకి తిరిగి రాడు అన్నాడు. పోతాను అన్నాడంటే వాడెక్కడో ఉన్నట్టేగా. పసిపిల్లలందరూ రక్షింపబడతారు అని ఒకే వాక్యంలో రాసి ఉందా అంటే లేదు, ఈ ముక్కలన్నీ కలిపి చూసుకోవాలి. తమ్ముడూ, మళ్లీ రాత్రి రెండింటికి అడిగితే, ప్రభువు దగ్గరున్నాడు అని చెప్పు. అప్పుడు వివరాలేం వద్దు.

రేవుగట్టు:

అందరికీ థాంక్సండి. పది రోజులుగా ఇదంతా చదివి చదివి నిన్న ధైర్యం చేసి అక్కకి చూపించాను, మొత్తం, కొబ్బరితోట అన్న రాసింది కూడా. పువ్వు కోసుకోవడం బైబిల్‌లో లేదు అన్న దగ్గర ఆగి రెండుసార్లు చదివింది.

షూనేము ఆవిడ గురించి, చివర్లో కొడుకు లేచాడని ముందే చెప్పి చదివాను. వినేసి "ఆవిడ పేరేంటి" అంది. వెతికితే ఎక్కడా లేదు, షూనేమీయురాలు అనే ఉంది. "మోసం చెయ్యద్దని చెప్పలేదా అందా? నిజంగా అలాగే ఉందా?" అని నా చేతిలోంచి బైబిల్ లాక్కుని చూసుకుంది. నాకు తెలిసి ఏడాదిలో అక్క బైబిల్ ముట్టుకోవడం అదే. మందిరానికి వస్తుందా అంటే తెలియదండి, నేను అడగలేదు, అడగద్దని అమ్మకీ చెప్పాను.

బావ నర్సు గారి మాట పట్టుకున్నాడు. పంచాయతీకి అర్జీ పెట్టాడు, వాళ్లు చూద్దాం అన్నారు, ఈయన ఆగలేదు. ఆదివారం ఉదయం మందిరం టైమ్‌కి మడ్డు కత్తి, బ్లీచింగ్ పట్టుకెళ్లి మెట్లన్నీ గీకాడు. ఆ రోజు వాడితో ఉన్న పిల్లాడి నాన్న కూడా వచ్చి సాయం పట్టాడు. కాలువ వదలడానికి ఇంకో వారం ఉంది, గొలుసు వెల్డింగ్‌కి ఇచ్చాం.

రాయి సంగతి. యోబు మాట వద్దనుకున్నాం, పాస్టర్ గారికి నాన్నే చెప్పాడు, ఆయన కొంచెం నొచ్చుకున్నారు గానీ కాదనలేదు. వేరే వాక్యం ఏదన్నా చెప్పవే అంటే అక్క, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కించి కింద ఖాళీ ఉంచమంది. ఎంత ఖాళీ అంటే నాలుగు లైన్లు పట్టేంత. ఏం రాయాలో తనకి తట్టిన రోజున చెక్కిస్తుందట. రాయి చెక్కే ఆయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, పర్లేదండి, మళ్లీ వచ్చి అక్కడే చెక్కుతాను, కానీ అక్షరాలు తగ్గాయని ఇప్పుడు రేటు మాత్రం తగ్గదండి అన్నాడు.